ఎదురుగాలిలో అండమాన్‌కు

మీరు నలుగురు స్నేహితులు. ఒకరిది తెనాలి, ఒకరిది రేపల్లె, మిగిలిన ఇద్దరిదీ బాపట్ల. మీకొక తెరచాప పడవ దొరికింది. దానికి ఇంజను లేదు, పెట్రోలు ఖర్చు లేదు. సూర్యలంక ఒడ్డున దాన్ని నీళ్లలోకి దింపి, అండమాన్ దీవులు చూసి రావాలని నలుగురూ అనుకున్నారు. ఇది ఊహే కాబట్టి డబ్బు, సెలవులు, అనుమతులు, ఇంట్లో అమ్మానాన్నల మాట అన్నింటినీ కాసేపు పక్కన పెడదాం. సైన్సు ఒప్పుకుంటుందా లేదా అన్నదొక్కటే చూద్దాం.

ముందు దూరం తెలియాలి. అట్లాసు తెరవండి. తెనాలి అక్షాంశం సుమారు 16 డిగ్రీల 14 నిమిషాలు. బాపట్లది 15 డిగ్రీల 54 నిమిషాలు. తేడా 20 నిమిషాలు. సముద్రం మీద దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. అక్షాంశంలో ఒక్క నిమిషం తేడా వస్తే నేల మీద ఎంత దూరమో, అదే ఒక నాటికల్ మైలు. అంటే 1.852 కిలోమీటర్లు. కాబట్టి తెనాలి కంటే బాపట్ల 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కి.మీ. దక్షిణాన ఉందన్నమాట. రైలు దారి కొంచెం పడమరకు కూడా జరుగుతుంది కనుక మీరు చేసే ప్రయాణం ఇంకాస్త ఎక్కువ. ఇలాగే తూర్పుకు కూడా లెక్క వేసుకుంటే, సూర్యలంక నుంచి పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) తూర్పు ఆగ్నేయంగా దాదాపు 760 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. సుమారు 1400 కి.మీ.

ఇక గాలి సంగతి. మధ్యాహ్నం పూట సూర్యలంక వెళ్లిన వారికి అనుభవమే: గాలి సముద్రం మీద నుంచి వచ్చి సూటిగా ముఖానికి కొడుతుంది. ఎండకు ఇసుక త్వరగా వేడెక్కుతుంది. నీటికి విశిష్టోష్ణం ఎక్కువ కనుక సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి ఇదే వ్యవహారం తిరగబడుతుంది. ఇంజన్లు రాకముందు మన తీరంలోని జాలరులు తెల్లవారుజామున నేలగాలితో తెప్పలు వేసుకుని వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగి వచ్చేవారు. పుస్తకం చదివి కాదు, తరతరాల అనుభవంతో.

కానీ నేలగాలి ఒడ్డు దగ్గర కొద్ది దూరమే ఉంటుంది. లోపలికి పోతే అక్కడ రాజ్యం ఋతుపవనాలది. రోజుల తరబడి గాలి మన వీపు మీదే వీస్తుందన్న హామీ ఏమీ లేదు. గాలి ఎదురుగా వస్తే? "గాలి పడవను వెనక్కి నెట్టేస్తుంది, ఇంకేముంది!" అని మీలో చాలామంది అంటారు. తరగతిలో ఎప్పుడు అడిగినా వచ్చే జవాబు ఇదే. ఆ మాటే నిజమైతే తెరచాప పడవ మీద ఎవరూ ఏ దీవికీ వెళ్లి తిరిగి రాలేరు, గాలి మనసు మార్చుకునే వరకు కాచుకోవడం తప్ప.

తెరచాప నిజంగా చేసే పని

తెరచాప అంటే గాలి నింపుకునే సంచీ అని మనం అనుకుంటాం. వెనుక నుంచి గాలి వీచినప్పుడు అది సంచీయే. గాలి పక్క నుంచో, ముందు మూల నుంచో వస్తున్నప్పుడు మాత్రం తెరచాప నిలువుగా నిలబెట్టిన విమానం రెక్కలాగా పనిచేస్తుంది. వంపు తిరిగిన గుడ్డ వెంట గాలి కూడా వంపు తిరిగి, వెళ్తున్న దారి మార్చుకుంటుంది. గాలి దారి మారాలంటే తెరచాప దాన్ని ఒక వైపుకు నెట్టాలి. అప్పుడు న్యూటన్ మూడవ నియమం ప్రకారం గాలి తెరచాపను రెండో వైపుకు నెడుతుంది. ఆ ఉబ్బు వైపు గాలి వేగం ఎక్కువ, పీడనం తక్కువ. లోపలి వైపు పీడనం ఎక్కువ. ఒక సన్నని కాగితపు ముక్కను పెదవి కింద పట్టుకుని దాని పైన ఊదండి. వేలాడే కాగితం పైకి లేస్తుంది. (రెండు వైపులా పోయే గాలి ఒకేసారి అవతలి అంచుకు చేరాలి కాబట్టి ఒక వైపు వేగం పెరుగుతుందని కొన్ని పుస్తకాలలో రాస్తారు. అలాంటి నిర్బంధం గాలికేమీ లేదు. ఆ వాక్యాన్ని వదిలేయండి.)

ఈ బలం తెరచాపకు దాదాపు లంబంగా ఉంటుంది. గాలి వచ్చే దిక్కుకు 45 డిగ్రీల కోణంలో పడవ ముక్కు పెట్టామనుకుందాం. తెరచాపను పడవ నడిరేఖకు 20 డిగ్రీల కోణంలో బిగించాం. గాలి బలం 100 యూనిట్లు. బలాల సమాంతర చతుర్భుజ నియమం మీకు తెలిసిందే. ఆ బలాన్ని రెండు భాగాలుగా విడదీయండి. పడవను ముందుకు లాగే భాగం 100 × సైన్ 20°, అంటే 34. పక్కకు నెట్టే భాగం 100 × కొసైన్ 20°, అంటే 94.

చూశారా! ముందుకు 34, పక్కకు 94. ఇలాంటి పడవ ముందుకు పోవడం కంటే పక్కకు జారడమే ఎక్కువ. అందుకే దాని అడుగున, చేప పొట్ట కింది రెక్కలాగా, నీటిలోకి దిగిన ఒక బరువైన పలక ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. బక్కెట్ నీళ్లలో స్టీలు స్కేలును అంచు వాటుగా కదపండి, కత్తిలా పోతుంది. అడ్డంగా కదపండి, నీరు మీ చేతిని ఆపేస్తుంది. కీల్ చేసేది ఇదే. పక్కకు నెట్టే 94ను నీటి నిరోధంతో దాదాపు రద్దు చేసి, ముందుకు లాగే 34ను మాత్రం తన దారిన పోనిస్తుంది. ఇది ఇంకా సులభంగా తెలియాలంటే తడి పుచ్చగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. మీరు నొక్కేది పక్కల నుంచి; గింజ ఎగిరేది ముందుకు. ఒక వేలు గాలి, రెండో వేలు నీరు. గింజే మన పడవ.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. జానెడు పొడవున్న అరటి దొప్ప తీసుకోండి. కార్తీక మాసంలో దీపాలు వదులుతారే, అలాంటిది. చీపురుపుల్లకు పోస్టుకార్డు గుచ్చి, దొప్ప మధ్యలో నిలబెట్టండి. కార్డు దొప్ప పొడవుకు సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా ఉండాలి. సిమెంటు తొట్టిలో వదిలి, పక్క నుంచి విసనకర్రతో విసరండి. (టేబుల్ ఫ్యాను నీళ్ల దగ్గరకు తేవద్దు.) దొప్ప పక్కకు కొట్టుకుపోతుంది. ఇప్పుడు దొప్ప అడుగున పొడవునా సన్నగా చీల్చి, ఆరంగుళాల స్టీలు స్కేలును అంచు కిందికి వచ్చేలా దిగ్గొట్టండి. మళ్లీ విసరండి. కొంత జారినా, ఈసారి దొప్ప ముందుకు పోవడం కళ్లారా చూస్తారు.

సరిగ్గా గాలికి ఎదురుగా మాత్రం ఏ తెరచాపా పోలేదు. అప్పుడు గుడ్డ టపటప కొట్టుకుంటుంది తప్ప బలం పుట్టదు. అందుకని నావికులు కోటప్పకొండ ఘాట్ రోడ్డు పద్ధతి పాటిస్తారు. కొంత దూరం ఎడమకు 45 డిగ్రీలు, తర్వాత ముక్కు తిప్పి కుడికి 45 డిగ్రీలు. ఎదురుగాలిలో 10 మైళ్లు పైకి చేరాలంటే ఈ వంకర దారిలో 14 మైళ్లు నడవాలి. పైథాగరస్ సిద్ధాంతంతో సరిచూసుకోండి.

పక్కకు నెట్టే ఆ 94 యూనిట్లు పడవను జారనివ్వకపోయినా, ఒరిగేలా చేస్తాయి. మరి తిరగబడదా? కీల్ కొసన సీసం బరువు ఉంటుంది. పడవ ఎంత ఒరిగితే ఆ బరువు అంతగా పక్కకు లేచి, మళ్లీ నిలువుగా లాగుతుంది. తంజావూరు బొమ్మను ఎలా పడగొట్టినా లేచి నిలబడేది ఇందుకే.

ఒడ్డే శత్రువైన రోజులు

ఈ విద్య అంతగా అబ్బని కాలంలో ఏమయ్యేదో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మను శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేల మీద ముద్రించాడు. రేపల్లెకు దగ్గరలోని నిజాంపట్నం ఒకప్పుడు పెద్దపల్లి అనే రేవు. అక్కడ 1606లో డచ్చివారు వర్తకశాల పెట్టారు. 1611లో ఆంగ్లేయుల 'గ్లోబ్' ఓడ వచ్చి ఆగింది. మన నేత బట్టలు ఎక్కించుకుని ఆ ఓడలు జావా, సుమత్రా దీవులకు పోయి, బట్టలకు బదులు మిరియాలు, లవంగాలు తెచ్చుకునేవి. కానీ ఆ ఓడలవి ఎక్కువగా చతురస్రపు తెరచాపలు. గాలికి 65 డిగ్రీల కంటే దగ్గరగా ముక్కు పెట్టడం వాటికి కష్టం. నైరుతి గాలితో తూర్పుకు పోవడం, ఈశాన్య గాలి వచ్చేదాకా అక్కడే కాచుకుని తిరిగి రావడం. ఒక్క బేరానికి ఏడాది!

అంతకంటే పెద్ద ప్రమాదం ఒడ్డు. గాలి ఓడను ఒడ్డు వైపు నెడుతుంటే, దానికి ఎదురు పోలేని ఓడ ఇసుకమేట ఎక్కి పగిలిపోవలసిందే. ఒడ్డున పడ్డాక మరో ఆపద కాచుకుని ఉండేది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయ శాసనం దీన్ని చెబుతుంది. తుపానుకు చిక్కి మన ఒడ్డున పడిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు వగైరా సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని వర్తకులకు అభయమిచ్చాడు. చరిత్ర పాఠంలో ఇది రాజు దయకు ఉదాహరణగా వస్తుంది. బలాల పాఠం చదివినవారికి ఇందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది: ఎదురుగాలిని గెలవలేని ఓడల గతి.

ఆరుగురు స్నేహితురాళ్లు

మరి ఈ కాలంలో తెరచాపనే నమ్ముకుని ఎవరైనా అంత దూరం వెళ్లారా? వెళ్లారు. వారిలో ఇద్దరు తెలుగువారు. భారత నౌకాదళానికి చెందిన 'తారిణి' గోవాలో తయారైన తెరచాప పడవ. పొడవు 56 అడుగులు, అంటే 17 మీటర్లు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దీనిపై గోవా నుంచి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. తోడుగా ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. దీనికి ముందు 2016లో మహిళా బృందం 'మాదేయి' అనే పడవ మీద మారిషస్ దీవి దాకా వెళ్లి సాధన చేసింది. ఈసారి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, కేప్‌టౌన్ మీదుగా భూమినే చుట్టి, 2018 మే 21న గోవా చేరారు. చివరి మజిలీలో చుక్కాని తిప్పే ఏర్పాటు చెడిపోతే, మరమ్మతు కోసం మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. చుక్కాని లేని పడవకు ముందు చెప్పిన విద్య అంతా వృథా కదా!

వారు సముద్రం మీద గడిపింది 199 రోజులు. నడిచిన దూరం 21,600 నాటికల్ మైళ్లు. ఈ సంఖ్యను ఒకసారి పరీక్షగా చూడండి. వృత్తంలో 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు, గుణిస్తే 21,600. భూమి చుట్టుకొలతే అది! 1.852తో గుణిస్తే 40 వేల కి.మీ. వస్తుంది. 21,600ను 199తో భాగిస్తే రోజుకు 108 మైళ్లకు పైగా, గంటకు నాలుగున్నర, అంటే సుమారు 8 కి.మీ. మీరు సైకిలు మీద బడికి పోయే వేగం కంటే తక్కువ. కాకపోతే రాత్రీ పగలూ ఆగదు. అదే వేగంతో మన 760 మైళ్ల అండమాన్ ప్రయాణానికి ఏడు రోజులు పడుతుంది.

ఎప్పుడు బయలుదేరాలి?

అసలు ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న ఇది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్–మే నెలల్లో, ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మీ ఇంట్లో పెద్దలను అడగండి. దివిసీమలోనే కాదు, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో కూడా ఆ రాత్రి సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. తుపాను గాలి లోతులేని తీరం మీదికి నీటిని తోసుకొస్తుంది. తుపాను మధ్య వాతావరణ పీడనం బాగా పడిపోవడం వల్ల నీటిమట్టం మరికొంత లేస్తుంది. అలాంటి తుపాను సాధారణంగా గంటకు 15, 20 కి.మీ. చొప్పున కదులుతుంది. మన పడవది 8. పారిపోయి తప్పించుకుందామంటే కుదరదు. దానికి ఒకటే ఉపాయం, ఆ కాలంలో అసలు బయలుదేరకపోవడం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనం. గాలి బలంగానే ఉంటుంది గాని సముద్రం అల్లకల్లోలం.

మిగిలింది జనవరి నుంచి మార్చి. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. తూర్పు ఆగ్నేయంగా పోయే మన పడవకు అది ఎడమ ముందు మూల నుంచి, ముక్కుకు సుమారు 65 డిగ్రీల కోణంలో తగులుతుంది. నిజాంపట్నం పాత ఓడకు ఇది గడ్డు కోణం. కీల్ ఉన్న యాట్‌కు హాయి. తిరుగు ప్రయాణంలో అదే గాలి కుడి పక్క నుంచి కొంచెం వెనుకగా తగులుతుంది. ఇంకా హాయి. ఆరు నెలలు కాచుకోనక్కర లేకుండా, ఒకే ఋతువులో పోయి రావచ్చు.

నీళ్లు మరచిపోవద్దు. ఎండలో మనిషికి రోజుకు 3 లీటర్లనుకుంటే నలుగురికి ఏడు రోజులకు 84 లీటర్లు. గాలి పడిపోతే ప్రయాణం సాగుతుంది కాబట్టి రెట్టింపు పెట్టుకోండి. 168 లీటర్లంటే 168 కిలోలు. ఆ డబ్బాలు పడవ అడుగున పెట్టాలి, డెక్కు మీద కాదు. కారణం మీరే చెప్పగలరు. చుట్టూ ఉన్నదంతా నీరే కదా అంటారేమో! లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. కృష్ణ, గోదావరి, గంగ నీళ్లు కలవడం వల్ల బంగాళాఖాతంలో ఉప్పదనం కొంత తక్కువే అయినా, అది తాగడానికి పనికిరాదు. మన మూత్రపిండాలు సముద్రమంత ఉప్పటి మూత్రాన్ని తయారుచేయలేవు. తాగిన ఉప్పును బయటికి పంపడానికి తాగినదానికంటే ఎక్కువ నీరు ఒంట్లోంచి పోతుంది. తాగే కొద్దీ దాహమన్నమాట.

రాత్రి నలుగురూ నిద్రపోవడానికి వీల్లేదు. నాలుగేసి గంటలకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకోండి. గంటకు 30 కి.మీ. వేగంతో వచ్చే సరుకు ఓడ, దాని దీపాలు కనిపించాక మీ దగ్గరకు రావడానికి అరగంట చాలు. మీ చిన్న పడవ దానికి కనబడుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఇలా వారం రోజులు చాలీచాలని నిద్రతో, ఒక్క గదిలో నలుగురు. బయలుదేరేటప్పటి స్నేహం చేరేటప్పటికి మిగులుతుందా అన్నది భౌతికశాస్త్రం తేల్చలేదు.

ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఇప్పుడు ఉపగ్రహాల సహాయంతో పనిచేసే జీపీఎస్ ఉంది. అది చెడిపోతే ధ్రువనక్షత్రం ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. చేయి బారగా చాపి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ధ్రువనక్షత్రం దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో, దాదాపు అదే మీ ఊరి అక్షాంశం. తెనాలిలోనైనా రేపల్లెలోనైనా ఒకటిన్నర పిడికిలి, ఆపైన కాస్త. అండమాన్ దిశగా పోతుంటే అది రోజురోజుకూ దిగుతూ, పోర్ట్ బ్లెయిర్‌లో 12 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. తారిణి భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోయినప్పుడు ఆ చుక్క దిగంతం కిందికి మునిగిపోయింది. నెలల తరబడి ఆరుగురికీ అది కనిపించనే లేదు. 2018 మేలో మళ్లీ భూమధ్యరేఖ దాటి ఉత్తరానికి వచ్చాక కొంచెం కొంచెంగా పైకి లేచి, గోవా చేరేసరికి పదిహేనున్నర డిగ్రీల ఎత్తుకు చేరింది. గోవా, బాపట్ల దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. సూర్యలంకలో నిలబడి చూస్తే మీకు కనిపించే ఎత్తు కూడా దాదాపు అదే.